శాలువా కప్పేలోపు చల్లారిపోయాను

నేను ఒక లీటరు నీళ్ల సీసాను. అంటే, ఒకప్పుడు. ఒక పెళ్లి భోజనాల్లో ఓ పెద్దమనిషి రెండు గుక్కలు తాగి, మిగతా నీళ్లతో సహా నన్ను పక్కనే పారే గెడ్డలోకి, అంటే వాగులోకి, విసిరేశాడు. తర్వాత వాడే నా మీద ఉపన్యాసం ఇచ్చాడంటే నమ్ముతారా? నమ్మండి.

గెడ్డలోంచి ఏరింది పోలమ్మ, చెత్త ఏరుకుని బతికే మనిషి. "నీళ్లు సగం తాగి ఇసిరేత్తారేటో ఈ గొప్పోళ్లు!" అని తిట్టి, నన్ను తుడిచి గోనెలో వేసుకుంది. అలా విశాఖలో ఒక ప్రయోగశాలకి చేరాను.

అక్కడ హిమజ అనే పరిశోధక విద్యార్థిని, ప్లాస్టిక్‌ని తినే ఎంజైముల మీద పనిచేస్తోంది. అవి తింటే నేను ముడిసరుకునై మళ్లీ పుడతాను. తినకపోతే చెత్తకుప్పలో నాలుగు తరాలు పడుండాలి. చిక్కేమిటంటే సీసాలో మా లోపలి పోగులు బిర్రబిగుసుకుని ఉంటాయి, ఎంజైములు కొరకలేవు. అందుకని ముందు కరిగించి, కరిగిన మరుక్షణం ఐసు నీళ్లలో ముంచాలి. అప్పుడు అద్దంలా, వదులుగా ఉంటాం. పొడి చేసి వేస్తే తినేస్తాయి. తాపీగా చల్లారనిచ్చారో, మళ్లీ బిగుసుకుని తెల్లబడతాం. పాకం ఎప్పుడు దించాలో తెలిసిన ఎవరికైనా అర్థమయ్యే సంగతే.

తాము తూచి ముద్ర వేసిన పది సీసాలతోనే ఈ నెలలో ఫలితం చూపించాలని, లేకపోతే ప్రాజెక్టు మూసేస్తామని డబ్బిచ్చే పైవాళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. ఆ పదింటిలో నేనొకదాన్ని. హిమజ మూడేళ్ల చాకిరీ మా మీదే ఉంది. మరి ఆమె గైడు ఆచార్య పరాంకుశం గారేం చేశారు? సభ పెట్టారు!

మా పదింటినీ కలిపి కరిగించి ట్రేలో పోశారు. పక్కనే ఐసు టబ్బు. ముంచాల్సింది ముఖ్య అతిథి స్వహస్తాలతో. ఎవరనుకున్నారు? గెడ్డలోకి విసిరిన ఆ పెద్దమనిషే!

"సార్, వెంటనే ముంచాలండీ," అంది హిమజ.

"ఉండమ్మా! శాలువా కప్పకుండానే పని చెబుతామా?" అన్నారు పరాంకుశం గారు.

కప్పారు. ఫొటో సరిగ్గా రాలేదంటే మళ్లీ కప్పారు. ఆనక వాడు మైకు పుచ్చుకుని "ప్లాస్టిక్ భూతం" అని మొదలెట్టాడు. భూతమట! విసిరిన చెయ్యి ఎవడిదిరా? అరవడానికి నాకు నోరేదీ? ట్రేలో చల్లారుతూ పడున్నాను.

ముంచేసరికి తెల్లగా బిగుసుకుపోయాను. "అబ్బ, మల్లెపువ్వులా వచ్చింది!" అని అందరూ చప్పట్లు కొట్టారు. హిమజ చున్నీతో కళ్లొత్తుకుంది.

నాలోంచి చిటికెడు గీకి ఎంజైముల్లో వేసి చూసింది. రెండు రోజులైనా ముట్టలేదు. మిగిలిన నన్ను పరాంకుశం గారు షీల్డులో బిగించి అద్దాల బీరువాలో పెట్టించారు.

"సార్, దాన్నిప్పించండి. మళ్లీ కరిగించి వెంటనే ముంచుతాను. ఒక్కసారికి సరిపడా ఎంజైము ఉంది," అని బతిమాలింది.

"పెద్దాయన చెయ్యి పడిందమ్మా! కరిగిస్తే ఏమనుకుంటారు?"

మర్నాడు అందరూ భోజనానికి వెళ్లాక హిమజ బీరువా తెరిచింది. షీల్డులోంచి నన్ను పీకి, తన టిఫిన్ డబ్బా తెల్లమూత కోసి ఆ స్థానంలో అతికించింది. నన్ను కరిగించి, కరిగిన క్షణమే ఐసులో ముంచింది. శాలువా లేదు, మైకు లేదు. అద్దంలా తేటపడ్డాను. "హమ్మయ్య!" అంది, అంతే.

ఇప్పుడు వెచ్చటి నీళ్ల జాడీలో పొడినై ఉన్నాను. ఎంజైములు తింటున్నాయి. సగం పైగా అయిపోయాను. హిమజ గంటగంటకీ వచ్చి కాగితం మీద ఏదో రాసుకుని, నవ్వుకుంటూ వెళుతోంది. ఆ పిల్ల గట్టెక్కినట్టే.

పరాంకుశం గారు మాత్రం ఇందాకే ఎవరినో బీరువా దగ్గరికి తీసుకొచ్చి, టిఫిన్ మూత చూపించి, "మా మూడేళ్ల కృషండీ ఇది," అన్నారు.

మళ్లీ పుట్టడం నాకూ ఇష్టమే. మళ్లీ సీసాగానే పుట్టించి, ఏ పెళ్లిలోనో వాడి విస్తరి పక్కనే పెడతారేమోనని నా మంట.