నా వీపు మీది పురుగు

పొద్దున్నే రేవుకు వెళ్లాలి. టేకు చేప పేగు అడిగి తెచ్చుకోవాలి. ఏ టేకుదో అడిగి రాసుకోవాలి. చేపకు ఫొటో తీయాలి. పేగు చీల్చి ఉప్పునీళ్లలో జాడించాలి. పురుగు దొరికితే తల తెగకుండా తీయాలి. ఫార్మలిన్‌లో వేయాలి. ఎర్రరంగు పట్టించాలి. స్లైడు మీద పెట్టాలి. బొమ్మ గీయాలి. కొత్తదైతే పేరు పెట్టాలి. సారుకు చూపించాలి. నేను చదువుతున్నదేమిటో అమ్మకు అర్థమయ్యేలా చెప్పాలి.

రెయ్యి అప్పలనర్సమ్మ తన బల్లకెదురుగా గోడకు అంటించుకున్న కాగితం ఇది. ఆ చివరి పని తప్ప మిగతావన్నీ ఆ పిల్ల వరసగా చేసేది, చేసినప్పుడల్లా పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టేది. ఆ టిక్కుల్లో ఒకటి తప్పుడు టిక్కు. దాని వల్లే నాకింత కథ వచ్చింది.

నేను ఒక గాజు స్లైడును. మూడంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, మందం చెప్పుకోదగ్గదేమీ లేదు. ఎక్కడో ఇసుకగా ఉండేదాన్ని. కొలిమిలో కరిగించి, పలచగా సాగదీసి, ముక్కలు కోసి, యాభైమందిని ఒక అట్టపెట్టెలో పెట్టి, మధ్యమధ్య పలచటి కాగితాలు వేసి విశాఖపట్నం పంపారు. దారి పొడవునా మేం మా భవిష్యత్తు గురించే మాట్లాడుకున్నాం. ఆస్పత్రిలో పడి రక్తపు చుక్క మోయాలని, డాక్టరు నన్ను చూసి "మలేరియా" అని గంభీరంగా పలకాలని నా కోరిక. తీరా నేను చేరింది ఒక కాలేజీలోని జంతుశాస్త్ర విభాగానికి. మొదటి రెండేళ్లూ కుర్రకారు తమ బుగ్గల లోపలి నుంచి గీకిన ఎంగిలి మోశాను. ఒకడు పొద్దున ఇడ్లీ తిని నోరు పుక్కిలించకుండా వచ్చి, భూతద్దంలో అల్లం పచ్చడి చూసి కొత్త జీవకణం కనిపెట్టానని కేకలు పెట్టాడు. ప్రతిసారీ నన్ను సబ్బునీళ్లతో కడిగి మళ్లీ పెట్టెలో పెట్టేవారు. అలా కడగడంలోనే నా కుడి మూల చిన్న గీత పడింది.

మూడో ఏడు నర్సమ్మ చేతిలో పడ్డాను.

నర్సమ్మది పలాస వైపు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి, పరిశోధన అనే మాట పలికిన మొదటి మనిషి కూడా తనే. చదివేదేమో టేకు చేపల పేగుల్లో బతికే బద్దెపురుగుల మీద. టేకు చేప అంటే తెలుసుగా, చాపలా బల్లపరుపుగా ఉండి, కొరడా లాంటి తోకకు విషపు ముల్లు ఉండేది. దాని పేగు పొట్టిగా ఉంటుంది కానీ లోపల మెలికల మెట్లుంటాయి. ఆ మెట్ల మీద ఈ పురుగులు కాపురం పెట్టి, ఏ పనీ చేయకుండా, నోరన్నది కూడా లేకుండా, చేప తిన్నదాన్నే ఒంటితో పీల్చుకుంటూ సుఖంగా ఉంటాయి. ఈ సంగతి నర్సమ్మ ఒకసారి ఫోనులో వాళ్లమ్మకు చెప్పబోయింది. ఆవిడ జీడిపప్పు బట్టీలో పప్పు ఏరుతుంది.

"ఓలె, నాలుగేళ్లు సదివి పురుగులేరతన్నావా?" అంది ఆవిడ. "నాను సదవకుండానే ఏరతన్నాను కదే!"

ఆ రోజు ఆ చివరి పనికి టిక్కు పడలేదు.

ఇక సారు. ముక్కామల సోమశేఖరం గారు, విభాగాధిపతి, మరో మూడు నెలల్లో రిటైరు కావలసిన మనిషి. ఆ విభాగంలో ఒక ఆచారం ఉంది. కొత్త పురుగు దొరికితే దానికి ఎవరో ఒక పెద్దమనిషి పేరు పెట్టి గౌరవించాలి. ప్రిన్సిపాలు పేరిట ఒక పురుగుంది. ఆయన ఆ పేరు అచ్చైన కాగితానికి ఫ్రేము కట్టించి ఇంట్లో ముందుగదిలో పెట్టుకున్నాడు. ఆ జీవి ఎక్కడుంటుందో ఆయన అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. సారు పేరిట మాత్రం మూడు పురుగులు. వాటిలో రెండు కొత్తవి కావని, పాతవే ఫార్మలిన్‌లో ముడుచుకుపోయి కొత్తగా కనిపించాయని తర్వాత ఎవరో తేల్చి కొట్టేశారు. కొట్టేసినప్పుడల్లా సారు రెండు రోజులు సెలవు పెట్టేవారట.

మిగిలిన మూడో మనిషి, రేవులో చేపలు కోసే కాసులమ్మ. యాభై దాటిన మనిషి, నడుముకు గోనెపట్టా, చేతిలో వంకర కత్తి. టేకు చేపను నేల మీద వేసి రెండు రెక్కలూ రెండు వేట్లలో తీసేసి, పేగులు బకెట్లోకి విసిరేది. ఆ బకెట్ నర్సమ్మది.

ఆ రోజు నర్సమ్మ బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చింది. అప్పటికే రెక్కలు తెగిపోయాయి, చేప చేపలా లేదు. ఉన్న ముక్కలకే ఫోనుతో ఒక ఫొటో తీసి, పులిటేకు రకం కోసం నెల్లాళ్లుగా ఎదురుచూస్తున్న పిల్ల కదా, ఆశగా అడిగింది: "పిన్నీ, ఇది పులిటేకే కదా?"

"అవునే గుంటా, పులిటేకే," అంది కాసులమ్మ, కత్తి కడుక్కుంటూ.

అదీ జరిగింది. సాయంత్రానికల్లా పెన్సిలు టిక్కు పడింది.

ఆ పేగులో దొరికిన పురుగును ఎర్రరంగులో ముంచి, చెట్టుజిగురు బొట్టు వేసి నా వీపు మీద పడుకోబెట్టారు. అబద్ధమెందుకు, ఎంగిలి మోసిన నాకు అది పట్టుచీర కట్టినట్టుంది. గోరంత లేదు కానీ తల మీద నాలుగు రేకులు, మందారం విచ్చినట్టు. నర్సమ్మ భూతద్దం మీంచి కళ్లు తీయలేదు. పుస్తకాలన్నీ తిరగేసి, ఇలాంటిది ఎవరూ రాయలేదని తేల్చుకుని, నా చివర ఒక కాగితం అంటించింది: పురుగు పేరు ఖాళీ, చేప పులిటేకు, తేదీ, తన పేరు.

సారు చూశారు. కుర్చీలోంచి లేచారు. "నా పేరు మాత్రం వద్దమ్మా," అన్నారు. కాసేపాగి, "వద్దంటే వద్దు," అన్నారు. మూడోసారి కూడా వద్దనే అన్నారు. నాలుగోసారి లాటిన్‌లో తన పేరు ఎలా రాయాలో చీటీ మీద రాసిచ్చారు. రిటైర్మెంటు సన్మానం నాటికి వ్యాసం అచ్చు కావాలన్నారు. నర్సమ్మ తల ఊపింది. ఆ పిల్ల ఎవరికీ కాదని చెప్పిన పాపాన పోలేదు. పైగా ఈ ఒక్క పురుగు నిలబడితేనే సిద్ధాంత గ్రంథం నిలబడుతుంది. లేకపోతే నాలుగేళ్లూ బకెట్లో పోసినట్టే, పలాస బస్సెక్కి జీడిపప్పు ఏరుకోవలసిందే.

పత్రికవాళ్ల జవాబు నెల తిరక్కుండా వచ్చింది. పులిటేకులో నలభై ఏళ్ల కిందటే ఒక పురుగు దొరికింది. మీది అదే, ఫార్మలిన్‌లో ముడుచుకుని వేరేలా కనిపిస్తోంది. కాదంటారా, రుజువు చూపండి.

నర్సమ్మ ఆ కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. సారు మాత్రం, "పరవాలేదు, మన కాలేజీ పత్రికలో వేసేద్దాం, మనల్ని అడిగేదెవరు?" అన్నారు. అలా అచ్చేసిన తన రెండు పురుగులు ఎలా పోయాయో ఆయన్ను ఎవరు అడుగుతారు? నర్సమ్మ అడగలేదు. కానీ ఆ ఉదయం నన్ను పెట్టెలో పెట్టి, పెట్టెను సంచిలో పెట్టి, రేవుకు తీసుకెళ్లింది. మొదటిసారి నేను సముద్రం వాసన చూశాను. నా పుట్టింటి వాసన.

"పిన్నీ, ఆ పులిటేకు గుర్తుందా? నేను బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చిన రోజు?"

కాసులమ్మ పకాలున నవ్వింది. "అది పులిటేకేటే! నల్లటేకు."

"మరి నేనడిగితే అవునన్నావు?"

"నువ్వేటడిగినావు? పులిటేకే కదా అనడిగినావు. పాపం, పిల్ల సంబరపడతాందని అవునన్నాను. టేకేదైతే నీకేటి, పేగు పేగే కదా అనుకున్నాను." అంతలోనే ఆవిడకూ అనుమానం వచ్చింది. "కాదేటి? పురుగు కూడా మారిపోద్దని నీకు తెల్దేటి? పులిటేకు పురుగు తాడులాగుంటాది. నల్లటేకుది పొట్టిది, తల పువ్వులాగుంటాది. ముప్పయ్యేళ్లుగా సూస్తన్నాను. ఒకదాని పురుగు ఇంకోదాంట్లో ఎప్పుడూ నేదు."

నాలుగేళ్లలో నర్సమ్మ చదివిన పుస్తకాల సారాంశం అది. దాన్ని కాసులమ్మ చేపల పొలుసు దులుపుకుంటూ చెప్పేసింది.

నర్సమ్మ ఫోను తీసి ఆ రోజు ఫొటో వెతికింది. బకెట్ పక్కన నేల మీద తోక ఒకటి పడి ఉంది. పులిటేకు తోకకు నలుపూ తెలుపూ కట్లుంటాయి. ఈ తోక పైనుంచి కింద దాకా నల్లటి నలుపు. తను తీసిన ఫొటోనే తను ఏనాడూ చూసుకోలేదు. టిక్కు పెట్టేసిందిగా!

మర్నాడు సారు దగ్గర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. "తప్పు నాదే సార్. అడిగిన తీరే తప్పు. ఇంకో నాలుగైదు నల్లటేకులూ, పులిటేకులూ చూసి రాయాలి. ఏడెనిమిది నెలలు పడుతుంది."

"అప్పటికి నేను రిటైరైపోతాను కదమ్మా."

"అవును సార్."

ఎంత మెత్తగా అందో అంత గట్టిగా తగిలింది. సారు చాలాసేపు నా వైపు చూశారు. నేనేం చేయను, పారదర్శకంగా ఉండటం తప్ప? చివరికి, "రేపు నేనూ వస్తాను," అన్నారు.

పాతికేళ్ల తర్వాత ఆయన రేవుకు వచ్చారు, ప్యాంటు పిక్కల దాకా మడిచి. చేప దగ్గరికి వంగారో లేదో కాసులమ్మ అరిచింది: "ఓ మేష్టరు బాబూ! తోక ముట్టకండి. ముల్లు దిగిందంటే మూడ్రోజులు ఏడుస్తారు!"

ఆయన చేయి వెనక్కు లాక్కున్నారు. పేగు చీల్చగానే మెలికల మెట్ల మీద, ప్రాణంతో, ఎర్రరంగు లేని తెల్లటి పువ్వు కదిలింది. రేకులు ముడుస్తూ, విప్పుతూ. పోల్చి చూడటానికి నన్నూ తెచ్చారు. నేను మోస్తున్నది అలాంటిదాని శవమే కదా, నాకూ కొంచెం అసూయ కలిగింది. సారు చిన్నపిల్లాడిలా నోరు తెరిచి చూశారు.

ఎనిమిది నెలల్లో నల్లటేకులు ఆరు, పులిటేకులు ఏడు చూశారు. కాసులమ్మ చెప్పినదానికి ఒక్కటి కూడా ఎదురు తిరగలేదు. పత్రికవాళ్లు ఒప్పుకున్నారు. పురుగు కొత్తదే. సన్మానం ఎప్పుడో అయిపోయింది. శాలువా కప్పారు, పురుగు మాత్రం ఇవ్వలేదు. పేరు మాటకొచ్చేసరికి నర్సమ్మ ఆ పాత చీటీ పట్టుకుని సారు ఇంటికి వెళ్లింది. ఆయన చీటీ తీసుకుని జేబులో వేసుకున్నారు.

"నా పేరు పెట్టినవి రెండు పోయాయమ్మా. దీనికి నా దిష్టెందుకు? ఆవిడ పేరు పెట్టు."

ఈ వార్త రేవుకు చేరినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. కాసులమ్మ కత్తి కింద పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నా పేరు పేగుల్లో పురుక్కా? నీకేం అపకారం చేసినానే? అంతగా పెట్టాలనుంటే మా మొగుడికి పెట్టు. తిని తొంగోడమే, అచ్చం సరిపోద్ది!"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వీ నవ్వీ చేపల మీద పడ్డారు. కానీ నర్సమ్మ చిన్న భూతద్దంలో నన్ను చూపిస్తే మాత్రం ఆవిడ ఒక కన్ను మూసి, చాలాసేపు తల ఎత్తలేదు. పక్కావిడను పిలిచి, "ఇటు రాయే, నన్ను సూడు," అంది.

నా చివర ఉన్న పాత కాగితాన్ని నర్సమ్మ గోరుతో గీకి, కొత్తది అంటించింది. పులిటేకు పోయి నల్లటేకు వచ్చింది. ఖాళీ ఉన్నచోట కాసులమ్మ పేరు లాటిన్ వేషం వేసుకుని కూర్చుంది. ఎర్ర చుక్క కూడా పెట్టారు, ఈ జాతికి మొదటి సాక్ష్యం నేనేనని. నర్సమ్మ ఇప్పుడు డాక్టరమ్మ. నేను కలకత్తాలో ఒక మ్యూజియం సొరుగులో, చీకట్లో, వందలమంది పెద్దమనుషుల పేర్లున్న పురుగుల మధ్య పడుకున్నాను. ఎడమ పక్కన ఎవరో దివాను గారు, కుడి పక్కన ఎవరో దొరగారు. గంభీరమైన మనుషులు. వాళ్ల మధ్య చేపల వాసన వచ్చే పేరు నాదొక్కటే.

మీకొక మనవి. ఎప్పుడైనా టేకు పులుసు ముందు కూర్చుంటే, ఆ చేపను కోసిన చేతుల్లో ఒక జత మైలపల్లి కాసులమ్మదని తలుచుకోండి. రేవు వైపు వెళ్తే పలకరించండి కూడా. కానీ ఆవిణ్ణి ఏదైనా అడిగేటప్పుడు "ఇది పులిటేకే కదా?" అనకండి. "ఇదేటి?" అని మాత్రం అడిగి, ఊరుకోండి.