మూతెడు ఎరువు

తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు.

మా అత్తయ్యకూ నాకూ పందెం పడింది. పత్తిచేను మొత్తం నలభై సాళ్లు. ఇరవై ఆవిడవి, ఇరవై నావి, మధ్యలో హద్దుగా ఒక కర్ర. దిగుబడిలో నేను గెలిస్తే వచ్చే ఏడు చేనంతా నా మాట. ఓడితే నేను చేను ఊసెత్తకుండా వంటింట్లో పడి ఉండాలి. వంటంటే నాకు పరమ చిరాకు.

అత్తయ్యది ముప్పై ఏళ్ల అలవాటు. అనుకున్న రోజు రాగానే నేల ఎండిపోయి ఉన్నా సరే, ఎరువు గుప్పిళ్లతో చల్లేస్తుంది. నా పద్ధతి వేరు. వానలు తక్కువ పడే చోట తడి పదును లేని నేలలో వేసిన ఎరువు మొక్కకు అందదు. వాన పడ్డాక, మొక్కకు జానెడు దూరంలో గుంత పొడిచి, సోడా సీసా మూతతో ఒక్క మూతెడు వేసి మట్టి కప్పాలి.

ఆవిడ చల్లేసి చేతులు దులుపుకుంది. నేను మబ్బుల కోసం ఎదురుచూస్తూ ఇరవై రెండు రోజులు గడిపాను.

"బస్తా ముందు తపస్సు బాగా సాగుతోందా అమ్మాయ్?" అనేది అత్తయ్య వచ్చినప్పుడల్లా.

ఇరవై మూడో రోజు పొద్దున్నే వాన దంచికొట్టింది. వెలిసీ వెలవకముందే మా ఆయన్ని లాక్కుని పరిగెత్తాను. తీరా చూస్తే గుంతలు పొడిచే కర్ర ఇంట్లోనే ఉండిపోయింది. వెనక్కి వెళ్లే ఓపిక ఎవరికుంది? చేతికందిన కర్ర పీకి ఆయనకిచ్చాను. ఆయన పొడుస్తుంటే నేను మూత వంచుతూ పోయాను. బురదలో జారిపడ్డాం, పడి నవ్వాం, నవ్వుతూ మళ్లీ పడ్డాం. సాయంత్రానికి మూత ఎక్కడో పోయింది.

ఇంటికొచ్చాక ఆయన కర్ర వంక చూసి గొంతు తగ్గించాడు. "ఏమే, ఇది మన హద్దు కర్ర కదూ?"

మర్నాడు సాళ్లు లెక్కపెట్టి దాన్ని దాని చోట పాతాం గానీ, ముందురోజు హద్దు ఎంత దాటామో మాకే తెలియదు. చెబితే పందెం చెల్లదంటుందని నోరు కుట్టేసుకున్నాం.

పత్తి తీతలు మొదలయ్యాయి. నా సాళ్లలో కొమ్మలు బరువుకు వంగాయి. అత్తయ్యవి పలచగా ఉన్నాయి, హద్దు పక్కన ఆరు సాళ్లు తప్ప.

"చూశావా నా చేతి మహిమ!" అంటూ రోజూ ఆ ఆరింటి దగ్గరే నిలబడేది. పది రోజులు ఓర్చుకున్నాను. పదకొండో రోజు ఇక నా వల్ల కాలేదు.

"అత్తయ్యా, ఆ ఆరు సాళ్లూ నా చలవే! హద్దు కర్ర పీకి గుంతలు పొడిచాం!" అనేశాను.

ఆవిడ పత్తి సంచిలో చెయ్యి పెట్టి ఒక సోడా మూత తీసింది.

"తీత మొదటి రోజే దొరికింది, హద్దు నుంచి నా ఆరో సాల్లో. నువ్వెప్పుడు కక్కుతావా అని చూస్తున్నా!"

ఇద్దరం పత్తి మొక్కల మధ్య కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాం. ఆనందంతో నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి.

"సరేలే, వచ్చే ఏడు చేను నీది," అంది చివరికి. "మూత మాత్రం నా చేతిలోనే ఉంటుంది. నువ్వు గుంతలు పొడువు."

సంచి మోసుకొస్తున్న మా ఆయన ఆగిపోయాడు. "ఇద్దరూ చేలోనే ఉంటే, మరి వంటో?"

అత్తయ్యా, నేనూ ఒకేసారి ఆయన వంక చూశాం.