మడమలో సూది

పుండ్లకు కట్లు కట్టే నర్సుకు కంపు కొత్త కాదు. పొద్దస్తమానం ఆస్పత్రిలో షుగరు రోగుల కాళ్లు కడిగి, చీము తుడిచి ఇంటికొచ్చే మనిషి. అయినా ఆ ఆదివారం కత్తెర కోసం టైలరు అన్నయ్య కుట్టుమిషను సొరుగు లాగేసరికి ఆమె ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది. బొత్తాల వెనక సగం కొరికిన కేకు ముక్కలు, కాగితానికి అతుక్కుపోయిన చాక్లెట్లు, వాటి నిండా చీమలు.

అన్నయ్యకు షుగరని తెలిసి రెండేళ్లయింది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి కావడంతో చెల్లెలే రోజూ ఉడికించిన కూరగాయలు, గుడ్డు, చిక్కుడు గింజలు డబ్బాలో పెట్టి పంపేది. ఇంత పథ్యం చేస్తున్నా షుగరు ఎందుకు దిగదని డాక్టరుతో పోట్లాడింది కూడా.

నిలదీస్తే, ఆ చప్పిడి తిండి గొంతు దిగడం లేదని, డబ్బా చాలాసార్లు వీధి కుక్కకు పెట్టేశానని నసిగాడు. మూతికి క్రీము ఇంకా అంటుకునే ఉంది. ఆ మొహం చూడలేక ఆమె తల దించుకుంది. అప్పుడు కనబడింది, ఎడమ సాక్సు అడుగున పచ్చటి మరక. విప్పించి చూస్తే మడమలో గుండుసూది తల దాకా దిగిపోయి ఉంది. చుట్టూ చీము.

"ఇదెప్పుడు గుచ్చుకుంది అన్నయ్యా?"

"ఏది?" అన్నాడాయన.

షుగరుతో పాదానికి స్పర్శే పోయిందని ఆమెకు అర్థమైంది. పాదం తిప్పి చూపిస్తే ఆయన అక్కడే భళ్ళున కక్కుకున్నాడు. తిన్న కేకంతా బయటికొచ్చింది. తిట్టుకుంటూనే అదీ ఆమే ఎత్తిపోసింది.

ఆస్పత్రిలో మడమ కోసి శుభ్రం చేశారు. కట్టు మార్చిన ప్రతిసారీ ఆయన మొహం తిప్పేసుకునేవాడు.

"చూడు. ఎవరి కాలనుకున్నావు?" అనేదామె.

చూశాడు. రెండో వారం నుంచి స్టూలు మీద కూర్చుని తన వంట తానే మొదలుపెట్టాడు. కూరగాయల్లో వెల్లుల్లి, మిరియాలు దండిగా వేసి, రొట్టె ఒక్కటంటే ఒక్కటే పెట్టుకునేవాడు. షుగరు మెల్లగా దిగింది. మూడు నెలలకు పుండు మానింది. స్పర్శ మాత్రం తిరిగి రాదన్నాడు డాక్టరు.

ఆ రోజు అన్నయ్య వడ్డించిన కూర ఆమె రెండోసారి కూడా పెట్టించుకుంది. బాగుందని మాత్రం అనలేదు. ఆయన మీద రోత ఇంకా పూర్తిగా పోలేదు మరి.