పలీతా తెమ్మన్న గొంతు

‘భాబీ, జర చాయ్ పెట్టు. కోర్టు ముచ్చట లాయర్ మేడంతోని మేం మాట్లాడుకుంటం’ అన్నాడు మరిది కాశిఫ్. పెట్టాను. నా భర్త గౌస్ పాషా జైలుకు పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో అందరూ నన్ను చాయే అడుగుతారు. నాతో మాట్లాడేది నా బిడ్డ ఆఫ్రీన్ ఒక్కతే.

మట్టెవాడలో ఫ్యాన్లు రిపేరు చేసుకునే మనిషిని ఉగ్రవాద చట్టం కింద పట్టుకుపోయారు. తొంభై రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలొస్తుందన్నారు. ఆయన చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను కూడా. దర్యాప్తు కాలేదని పోలీసులడిగితే కోర్టు ఇంకో తొంభై రోజులిచ్చింది. చొక్కా మళ్లీ బీరువాలో పెట్టేశాను.

కప్పులు అందిస్తుంటే లాయర్ పద్మలత మేడం చేతిలోని కాగితం మీద కన్ను పడింది. గడువు కోసం పోలీసులు కోర్టుకిచ్చింది. ఆయన ఫోన్లో చాటుగా విన్న మాటలు రాసుకున్నారు.

‘పలీతా దొరికిందా? జుమ్మా రోజు అంటించాలె. మర్చిపోకు.’

మాట్లాడింది గుర్తు తెలియని స్త్రీ అట. పలీతా అంటే బాంబు వత్తి అట.

ఆ స్త్రీని నేనే. ఆఫ్రీన్‌కు వారం రోజులు జ్వరం తగ్గకపోతే దర్గా నుంచి పలీతా తెమ్మన్నాను. దువా రాసిన కాగితాన్ని వత్తిలా చుట్టి, శుక్రవారం నాడు అంటించి, పిల్లకు పొగ చూపిస్తాం. ‘నాకు యాదుండది, నువ్వే యాది చెయ్యాలె’ అంటాడాయన దేనికైనా. యాది చేశాను. అయినా తేనేలేదు మహానుభావుడు! జ్వరం దవాఖాన మందుతోనే తగ్గింది.

నా సిమ్ము మామ పేరు మీదుంది. మా ఆయన ఫోన్లో నా నంబరు ‘ఇల్లు’ అని ఉంటుంది. పన్నెండేళ్లు వండి వార్చిన నాకు ఎక్కడా పేరు లేదు. ఎవరా ఆడమనిషి అని పోలీసులడిగితే, ‘ఇంటి ఆడోళ్ల పేరు చెప్ప’ అన్నాడట. నా మర్యాద కాపాడాడన్న మాట. ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది.

బాంబులంటే నాకూ భయమే. నా బిడ్డ కూడా బస్సులోనే బడికి పోతుంది. ఫోన్లు వినండి, వద్దనను. కాని విన్న మాటకు అర్థమేమిటని ఒక్కరన్నా అడగొద్దా? గడువు పెంచిన జడ్జిగారన్నా, ఈ స్త్రీ ఎవరు, పిలవండి అనొద్దా?

‘మేడం, ఆ గొంతు నాది’ అన్నాను.

కాశిఫ్ లేచి నిలబడ్డాడు. ‘భాబీ! ఇజ్జత్ పోతది. నువ్వు లోపలికి నడువు.’

మేడం నా వంకే చూసింది. ‘ఆలోచించుకో అమ్మా. కోర్టుల చెప్తే నిన్ను గూడ కేసుల పెట్టొచ్చు. చిన్న పిల్ల ఉన్నది నీకు.’

వంటింటి గడపలో నిలబడి ఆఫ్రీన్ నన్నే చూస్తోంది. ట్రే కింద పెట్టి, కాశిఫ్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాను.

‘రాయండి మేడం.’

ఆమె తెల్లకాగితం తీసింది. ‘గౌస్ పాషా భార్య...’ అంటూ మొదలుపెట్టింది.

‘ముందు నా పేరు రాయండి’ అన్నాను. ‘షహజాదీ.’