మాటకు ముందుదారి

నిచ్చెన మీద నిలబడి, నోట్లో టార్చి కరచుకుని, లోలోపల తిట్టుకుంటూ పనిచేస్తున్నాడు వైర్ల మామ. ఆసుపత్రిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బూజు అంటిన బట్టతల, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ప్యాంటు కనబడితే చాలు, వైర్ల మామ వచ్చాడనుకుంటారు.

రెండు భవనాలు, మధ్య ఒకటే సన్నని లైను. ఎక్స్‌రేలు, రిపోర్టులు, ఫోన్లు అన్నీ దాంట్లోంచే పోవాలి. మాట మధ్యలో ఆగితే పనికిరాదు గనక ఫోన్లకు, మిగతావాటికంటే ముందు పోయేలా, ముందుదారి ఇచ్చింది మామే. ఒకేసారి ఇరవై ఫోన్లని దానికి హద్దు పెట్టిందీ ఆయనే, లేకపోతే ఎక్స్‌రేలు కదలవు. హద్దు దాటి ఒక్కటి దూరినా అందరి మాటలూ ముక్కలైపోతాయి.

పోయిన వారం మేనేజరు ఆ దారిలోకి ప్రకటన తోయించాడు. ఫోను చేసి ఎదురుచూసే ప్రతివాడి చెవిలో ఒక పాట, వెనకాలే గుండె పరీక్షలకు తగ్గింపు. అలా పాట వినేవాడిదీ ఒక ఫోను కిందే లెక్క.

"మామూలు దారిలో వేద్దాం సార్. పాట తడబడితే ఎవరి ప్రాణం పోతుంది?" అన్నాడు మామ.

"అది మన ఆసుపత్రి గొంతయ్యా. వెయ్యి."

వేశాడు. వాళ్ళింట్లో ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు మామ. ఆయన నోరు తెరిచేలోపే అన్నలు కంచాలు ఎత్తేసేవారు. "మీరు ఎవరినైనా గట్టిగా ఒక్క మాటంటే, అది విని హాయిగా కన్ను మూస్తాను" అని భార్య ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది.

"మామా, ఈ ఫోను చూడు!" పై వార్డు సిస్టరు అరిచింది. మామ నిచ్చెన దిగి పైకి వెళ్ళాడు. మంచం మీద నెత్తురోడుతున్న లారీ డ్రైవరు, పాదాల దగ్గర అతని భార్య. అవతలి భవనంలోని బ్లడ్‌బ్యాంకు నుంచి "హ... ఏ గ్రూ... లో" అని ముక్కలు వస్తున్నాయి. మూడుసార్లు గ్రూపు చెప్పి, ఫోను విసిరేసి, సిస్టరు మెట్ల మీదుగా పరుగెత్తింది.

మామ ల్యాప్‌టాప్ తెరిచాడు. ముందుదారిలో ఇరవై ఒక్క ఫోన్లు, అందులో పద్నాలుగు మంది ఊరికే పాట వింటున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరినీ అడగకుండా పాటను బయటికి లాగేశాడు. "హలో, ఏ గ్రూపమ్మా?" ఫోనులో గొంతు ఖంగుమంది.

సిస్టరు రక్తం సంచీతో, ఒంటి చెప్పుతో వచ్చేసరికి డాక్టరు దుప్పటిని డ్రైవరు ముఖం మీదికి లాగుతున్నాడు. భార్య ఆ పాదాలను ఇంకా వదలలేదు.

మామ జేబులో ఫోను మోగింది. మేనేజరు. "పాట ఆగిందేమిటి? వెంటనే పెట్టు!"

"పెట్టను!" వార్డంతా ఉలిక్కిపడింది. "మీ పాట కోసం మనిషిని చంపుకున్నాం. చేతులారా పెట్టిన వెధవని నేనే. ఇక పెట్టను. ఎవరితో చెప్పుకుంటారో చెప్పుకోండి!"

"అయితే రేపట్నుంచి రావద్దు."

"రాను."

మామ సంచీ సర్దుకునేలోపే మేనేజరు ఇంకొకడి చేత పెట్టించాడు. మెట్లు దిగుతుంటే కింద కౌంటరు ఫోనులోంచి ఆ పాట, ఒక్క అక్షరం తెగకుండా వినబడింది. మెట్ల మలుపులో సిస్టరు చెప్పు, పట్టీ తెగి, బోర్లా పడి ఉంది.