గద్ద దిగిన రోజు

పొద్దున్నే టవర్ క్రేనెక్కితే సాయంత్రం దాకా దిగని మనిషని సైట్లో అందరూ అతనికి గద్ద అని పేరు పెట్టారు. మిగతా క్రేన్ ఆపరేటర్లు ఏదో ఒక వంకతో దిగుతూనే ఉంటే, కాంట్రాక్టరు గద్దను చూపించి వాళ్లకు గడ్డి పెట్టేవాడు. సీటు వదిలినవాడికి సీటుండదని బెదిరించేవాడు కూడా. నిజానికి గద్దది దీక్షా కాదు, పట్టుదలా కాదు, మలబద్ధకం. ఆ గుట్టు అతని భార్య ఒక్కతికే తెలుసు.

కడుపు ఉబ్బి, మెలిపెట్టి, మనిషి నానాటికీ చిక్కిపోతుంటే ఆవిడే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఇది పేగుల జబ్బనీ, ఆముదానికీ అరటిపళ్లకూ లొంగదనీ చెప్పి డాక్టరు క్యాప్సూళ్లు రాసిచ్చాడు. రోజూ పరగడుపున వేసుకుని, అరగంట ఆగి తినాలి. మొదట్లో కాస్త గట్టిగానే పనిచేయవచ్చని కూడా అన్నాడు. గద్ద వేసుకున్నాడు గానీ నమ్మలేదు. ఇన్నేళ్లు మొండికేసిన పొట్ట ఒక్క గోళీకి లొంగుతుందా అనుకుంటూ మామూలుగా నిచ్చెనెక్కాడు.

ఇనప చువ్వల కట్ట గాల్లో ఉండగా లొంగింది.

ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఎంతైనా పనిమంతుడు, పళ్లు బిగబట్టి కట్టను పదిలంగా నేలకు దించాడు. కొక్కెం ఖాళీ అయ్యాక వాకీటాకీ నొక్కి, దిగుతున్నానని మాత్రం చెప్పాడు. ఆ మాట సైటంతా వింది.

గద్ద దిగడమేమిటి? క్రేను కూలుతోందన్నమాట! మేస్త్రీలు తాపీలు పారేశారు. కాంక్రీటు మిక్సరు తన మానాన తాను తిరుగుతూనే ఉంది. ఇంజనీరు హెల్మెట్ చేత్తో పట్టుకుని కాలికి బుద్ధి చెప్పాడు. ఎటు పారిపోవాలో తోచక అందరూ నిచ్చెన దిగి పరిగెడుతున్న గద్ద వెంటే పడ్డారు. ఎక్కడ క్షేమమో అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? గద్ద పాయిఖానాలో దూరి గడియ పెట్టుకున్నాడు. మిగతావాళ్లు దాని రేకు గోడకు అతుక్కుని నిలబడ్డారు.

లోపల గద్దకు ఏడుపొచ్చింది. ఇంత సుఖం లోకంలో ఉందన్న సంగతే మరిచిపోయాడు పాపం.

తలుపు తీసేసరికి కాంట్రాక్టరు అతని భుజాలు పట్టుకుని, బోల్టు ఊడిందా అని అడిగాడు. ఊ అంటే చాలు, ఇంతమంది ప్రాణాలు కాపాడినవాడవుతాడు. సీటూ పదిలంగా ఉంటుంది. కాకపోతే మళ్లీ దిగకుండా ఉండాలంటే రేపట్నుంచి క్యాప్సూలు మానెయ్యాలి. గద్ద పొట్ట తడిమి చూసుకున్నాడు. మెత్తగా ఉంది.

"బోల్టు బాగానే ఉందండీ. నాకే అర్జెంటయింది."

కాంట్రాక్టరు అతని భుజాలు వదిలేశాడు. "ఇన్నేళ్లు రానిది ఇవాళే రావాలా?"

"ఇవాళ్టి నుంచి రోజూ వస్తుందండీ," అన్నాడు గద్ద. "రోజూ దిగుతాను."