ఓటుకు పోయిన పరదా

నేను ఒక పరదాను. చేతులు తుడుచుకోవడానికే పుట్టానని చాలామంది అనుకున్నారు. వాళ్ల నెయ్యి మరకలూ తాంబూలం మరకలూ నా ఒంటి మీద ఇంకా ఉన్నాయి. మరకల సంగతి సరే, ఉతికితే కొంతైనా పోతాయి. నాకు రోత పుట్టించిన సంగతి వేరే ఉంది. అది చెప్పడానికే నోరు తెరిచాను.

వరంగల్లులో జంపఖానాలు నేసే మగ్గం మీద చిప్ప కనకయ్య అనే సాలాయన నన్ను నేశాడు. ఫలానా దొర కొత్తగా గడీ కట్టిస్తున్నాడు, తన గదికి మందమైన పరదా కావాలట అని కబురొస్తే, పద్దెనిమిది రోజులు నడుం వంచి పనిచేశాడు. వక్కరంగు మీద నల్లంచు. మగ్గం దించాక నన్ను ఎండకు ఎత్తిపట్టి చూసి, "సూర్యుడు గూడ దూరడు" అని మురిసిపోయాడు. పాపం, మంచి పనివాడు. నేను దేనికి అక్కరకొస్తానో తెలిస్తే ఆ మగ్గం గుంటలోనే నన్ను పూడ్చిపెట్టేవాడు.

దొర పేరు లక్ష్మీకాంతరావు. ఊళ్లో ఆ పేరు ఎవరూ పలకరు, దొర అంటే దొరే. ఆయన గదికీ, వడ్లు దంచే వసారాకూ మధ్య నన్ను వేలాడదీశారు. వసారాలో వెట్టికి వచ్చిన ఆడవాళ్లు రోకళ్లు వేస్తుండేవారు. కూలి లేదు, గింజ లేదు, పిలిస్తే రావాలి, అంతే. మధ్యలో ఎవడో నౌకరు వచ్చి ఒక మనిషిని వేలుతో చూపించి, "దొర పిలుస్తుండు, పరదా ఎనక్కి పో" అనేవాడు. తక్కినవాళ్లు తలలు వంచుకుని ఇంకా గట్టిగా దంచేవారు. అంతకంటే విప్పి చెప్పను. చివరికి ఊళ్లో ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టుకునేటప్పుడు "నీ బతుకు పరదా ఎనకబోను" అనుకునే దాకా వచ్చింది. నా పేరు ఒక తిట్టయి కూర్చుంది. ఆ దొరే తెల్లారి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పూజకు పోతూ పోతూ తడి చేతులు నాకు తుడిచేవాడు. ఆ చేతులు నా మీద పడితే నా పోగు పోగుకూ కంపరం ఎత్తేది.

కొమురవ్వనూ అలాగే పంపారు. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు, పెళ్లయి ఆ ఊరికి కాపురానికొచ్చిన మనిషి. గుమ్మం దాటలేక నా అంచు పిడికిట్లో బిగించి పట్టుకుంది. నౌకరు ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు. నేను మాత్రం ఏం చేశాను? మందంగా వేలాడాను. అంతకంటే ఏదీ చేతకాని జన్మ నాది.

ఇరవై ఏళ్లు గడిచాయి. నిజాం రాజ్యం పోయింది, దేశంలో మొదటిసారి ఓట్లు వచ్చాయి. చదువు ఉన్నవాడూ లేనివాడూ, భూమి ఉన్నవాడూ లేనివాడూ, ఆడా మగా అందరూ ఓటు వెయ్యొచ్చునట. దొర కూడా పోటీకి నిలబడ్డాడు. నిన్నటిదాకా పట్నం పోయి నిజాంకు ఏడుసార్లు వంగి సలాములు కొట్టిన మనిషి, ఇప్పుడు జనానికి చేతులు జోడించడం నేర్చుకున్నాడు. అద్దం ముందు నిలబడి మరీ నేర్చుకున్నాడు, నేను చూశాను. చూడలేక చచ్చాను.

ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క ఇనుప పెట్టె. చదువు రానివాళ్ల కోసం పెట్టె మీద బొమ్మ. దొరది గొడుగు. ఆయన మీద నిలబడ్డది వెట్టి మాన్పించాలని కచేరీల చుట్టూ తిరిగే ఒక వకీలు, ఆయనది కుండ. పోలింగుకు మూడు రోజుల ముందు ఊళ్లో డప్పు వేయించారు. "గొడుగు పెట్టెల తప్ప ఇంకో పెట్టెల చీటి వడితే గుడిసెలు మిగలవో!" అని. డప్పు కొట్టినవాడి గుడిసె కూడా ఆ గుడిసెల్లోదే, అది వేరే సంగతి.

కొమురవ్వకు గుడిసె భయం కంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఆ ఏడు కొడుక్కి పెళ్లి చేసింది. కోడలు సోమక్క ఇంటికొచ్చి మూడు నెలలు కాలేదు, గడీ నుంచి నౌకరు పోయి, "ఓట్లు కాంగనే కొత్త కోడల్ని దంపుడుకు తోలు" అని చెప్పి వచ్చాడు. దొర గెలిస్తే ఆ పిల్లను ఆపేవాడు ఎవడూ ఉండడు. ఈ సంగతి కొమురవ్వకు తెలుసు, నాకూ తెలుసు.

పోలింగు బడిలో పెట్టారు. అధికారిగా వచ్చింది మునీరుద్దీన్ సాబ్, పట్నంలో పంతులు పని చేసే నెమ్మదస్తుడు. పెట్టెలకు చాటు కట్టడానికి సర్కారు ఇచ్చిన గుడ్డ పలచగా ఉందని ఆయన చిరాకు పడుతుంటే, పట్వారీ సీతాపతి చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "గడీల మంచి పరదా ఉన్నది సాబ్, మనిషి నీడ గూడ కనవడది" అన్నాడు. సాబ్ సంతోషపడిపోయాడు. ఎంత మర్యాదస్తుడో ఈ పట్వారీ అనుకున్నాడు. ఆ మర్యాద కడుపులో ఎంత కుళ్లుందో నాకు బడి గుమ్మానికి కట్టాక గానీ అర్థం కాలేదు.

మగవాళ్ల వరస నడిచింది. ఎదురుగా దొర మనుషులు ఇద్దరు తుపాకులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ల పక్కనే కానిస్టేబు, గడీ నుంచి వచ్చిన పలావు తింటున్నాడు. తర్వాత ఆడవాళ్ల వరస మొదలైంది. మొదటామె వేలి మీద సిరా చుక్క పెట్టి, చేతికి చీటి ఇచ్చి, సాబ్ మెత్తగా అన్నాడు.

"పరదా ఎనక్కి పో అమ్మా."

ఆమె నన్ను చూసింది. గుర్తుపట్టింది. రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె వెనకామె, ఆ వెనకామె, వరసంతా జరిగింది. సాబ్‌కు ఏమీ అర్థం కాలేదు. ఆయన ఇంట్లో పరదా అంటే ఆడమనిషి గౌరవం. ఇక్కడ అదే మాట ఎలా వినిపిస్తుందో ఆయనకు చెప్పేదెవరు? వినపడలేదేమోనని గొంతు పెంచాడు. "పరదా ఎనక్కి పోవాలె, పోండి!" ఆ మంచి మనిషి అలా అన్న ప్రతిసారీ వాళ్లు ఇంకో అడుగు వెనక్కి వేశారు.

సీతాపతి గొంతు సవరించుకున్నాడు. "రాసుకోండ్రి సాబ్. మా ఊరి ఆడోళ్లకు ఓట్లు వద్దట."

థూ! ఇందుకా నన్ను మోసుకొచ్చింది! ఇరవై ఏళ్ల పాపం చాలనట్టు, ఇప్పుడు దొర తుపాకుల పని కూడా నా చేత చేయించుకుంటున్నాడు. పీలికలుగా చిరిగిపోతే బాగుండునని ఆ క్షణం నిజంగా కోరుకున్నాను. కనకయ్య నేత గట్టిది, చిరగలేదు.

అప్పుడు వరసలోంచి కొమురవ్వ బయటికొచ్చింది. వెనక కోడలు కొంగు పట్టుకుని నిలబడింది. కొమురవ్వ సాబ్ బల్ల ముందుకు పోయి అడిగింది.

"సారూ, లోపట ఎవరుంటరు?"

"ఎవరూ ఉండరమ్మా. ఎవరన్న ఉంటే వాణ్ని జైల్ల ఏస్తం."

"దొర గూడనా?"

సాబ్ కళ్లజోడు తీసి ఆమెను చూశాడు. అప్పుడు నన్ను చూశాడు. ఏం అర్థమైందో ఏమో, ఆయన గొంతు మారింది. "దొర గూడ" అన్నాడు.

వేలు చాపింది. సిరా పెట్టించుకుంది. చీటి పట్టుకుని నా దగ్గరికొచ్చి, అంచు పట్టుకుని ఆగింది. ఒక్క ఊపున పక్కకు లాగి లోపలికొచ్చింది. మూలలు చూసింది, వంగి బల్ల కింద చూసింది, తలుపు చాటున చూసింది. రెండు పెట్టెలు, గోడ మీద ఒక బల్లి. అంతే. చీటి వేసింది. ఏ పెట్టెలో వేసిందో చూశాను, చెప్పను. దాచకూడనివి ఎన్నో దాచాను, దాచాల్సింది ఒక్కటైనా దాచనివ్వండి.

బయటికి పోయి గొంతెత్తి అరిచింది. "లోపట ఎవ్వడు లేడే! నా మీదొట్టు, ఎవ్వడు లేడు! పోండ్రి! సోమక్కా, నడువు!"

పోయారు. ఒకరి వెంట ఒకరు పోయారు. కొందరు నన్ను వేలి కొసలతో ముట్టుకున్నారు, కొందరు మోచేత్తో నెట్టారు. ఒక ముసలామె చీటి వేశాక కూడా ఊరికే నిలబడింది, సాబ్ పిలిచేదాకా రాలేదు. తుపాకులవాళ్లు లేచి నిలబడ్డారు గానీ, ఎవరిని కాల్చాలో వాళ్లకూ తెలియదు.

నోరు తెరిచింది కొమురవ్వ ఒక్కతే కాబట్టి మూడో నాడు మిట్టమధ్యాహ్నం ఆమె గుడిసె కాల్చారు. నిప్పు పెట్టినవాళ్లలో ఒకడు గడీకొచ్చి మసి చేతులు నాకు తుడిచాడు. అప్పటికే నన్ను మళ్లీ పాత గుమ్మానికి వేలాడదీశారు లెండి.

పది రోజులకు లెక్క తెలిసింది. మా ఊరి గొడుగు పెట్టెలో నలభై చీటీలు. కుండ పెట్టె నిండిపోయిందట. వకీలు గెలిచాడు. దొర గదిలో చిందులు తొక్కాడు. "ఎవరెవరేసిండ్రు? పేర్లు చెప్పు! ఒక్కొక్కని తోలు తీస్త!"

సీతాపతి నేల చూపులు చూశాడు. "ఎట్ల చెప్పాలె దొరా? పరదా ఉండె గద."

దొర నా వైపు తిరిగాడు. మొహం చిట్లించాడు. "ఛీ! ఊళ్లె ఉన్న ఆడోళ్లంత ముట్టిండ్రు దీన్ని. మైలవడ్డది. పీకి అవతల పారెయ్" అన్నాడు.

అదండీ సంగతి. ఆ ఇరవై ఏళ్లూ నేను మడిగానే ఉన్నానట. ఓటుకు పోయిన ఒక్క రోజుతో మైలపడ్డానట.

గడీ వెనక పెంటకుప్ప మీద పడేశారు. సోమక్కను పిలవడానికి ఈసారి నౌకరు పోలేదు. పొమ్మంటే ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాడు. వాడికి కాలిన కొమురవ్వ గుడిసె దగ్గర కొత్త కప్పుకు కమ్మలు కోస్తున్న ముప్పై మంది ఆడవాళ్లు కనపడ్డారు. వాళ్ల చేతుల్లో కొడవళ్లు ఉన్నాయి.

ఒకనాడు అత్తాకోడళ్లిద్దరూ వాసాలు మోసుకుంటూ కుప్ప పక్కనుంచి పోయారు. సోమక్క ఆగి నన్ను కాలితో కదిపింది.

"అత్తా, మందంగున్నది. తలుపుకు కట్టుకుందమా?"

కొమురవ్వ దగ్గరికొచ్చి చూసింది. నా మీద కాండ్రించి ఉమ్మింది.

"వద్దు బిడ్డా. మనం తడిక అల్లుకుందం."

ఇద్దరూ వెళ్లిపోయారు. మంచి పని చేసింది. ఆమె స్థానంలో నేనున్నా, నన్ను ఏ గుమ్మానికీ కట్టుకోను.